ఎవరి ఐదు?

ఆ ఇంటి వంటగది గోడకి రెండు గడియారాలు. ఒకటి ఇంటిది, ఒకటి ఆయనది. కళ్ళద్దాలు అరగదీసే పని ఆయనది. ఆ కార్ఖానా నది అవతలి రాష్ట్రంలో ఉంది. ఆ దేశంలో రాష్ట్రానికో టైము; అక్కడిది ఇక్కడికంటే గంట ముందు. పొద్దున వంతెన దాటితే ఒక గంట పోతుంది, సాయంత్రం దాటితే తిరిగొస్తుంది. ఆయన రోజూ "ఆరింటికి వస్తా" అంటే తన గడియారంలో ఆరు. ఇంటి గడియారంలో అప్పటికి ఐదే. ఆయన రాకపోకలన్నీ ఆయన గడియారం ప్రకారమే అని పెళ్ళైన కొత్తలోనే ఒప్పందం. ఆవిడ బట్టలు కుట్టేది. మిషన్ తొక్కుతూ, "మీకేం, బయల్దేరకముందే ఇల్లు చేరే మహానుభావులు" అని ఏడిపించేది.

ఆ రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది. గుండెల్లో ఏదో పట్టేసినట్టుంది, కాస్త ముందు రండి, అంది. పక్కనే మేస్త్రీ నిలబడి ఉన్నాడు. పర్మిషన్ అడగడానికి ఈయనకి నోరు రాలేదు. "ఐదింటికల్లా ఉంటాలే" అని పెట్టేశాడు. ఆయన అన్నది ఇంటి ఐదు, అంటే రోజూ వచ్చే వేళే. తెలిసే అలా అన్నాడా, నోరు జారాడా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాడు పాపం.

ఆవిడ మాత్రం ఆయన గడియారమే చూసింది. కింద వాటాలో ఉండే పిన్నిగారు ఆసుపత్రికి తీసుకెళ్తానంటే, "వద్దులెండి, ఐదింటికి వచ్చేస్తారుగా" అని మేడమెట్లలో మూడోదాని మీద కూర్చుంది. ఆ ఐదు దాటాక గంటసేపు అలాగే కూర్చుంది. ఆయన వచ్చేసరికి గోడకి తల ఆనించి ఉంది. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది.

నెల తిరిగింది. తన గడియారంలోంచి బ్యాటరీ తీసి పారేశాడు. అయినా సాయంత్రం ఇంటికొచ్చేసరికి మూడో మెట్టు వెచ్చగా తగిలేది. మిషన్ నూనె వాసన వేసేది. ఎనిమిదేళ్ళ కూతురు ఆయన్ని చూడగానే గదిలోకెళ్ళి తలుపేసుకునేది. తల్లి మీద బెంగ అనుకున్నాడు.

ఒకరోజు ఉండబట్టలేక మేస్త్రీని అడిగాడు, గంట ముందు వెళ్తానని.

"అదెంత భాగ్యం, వెళ్ళు" అన్నాడు మేస్త్రీ, తల కూడా ఎత్తకుండా.

ఇంత తేలికా! వంతెన పొడుగునా ఏడుస్తూనే బండి నడిపాడు.

ఇల్లు చేరేసరికి ఇంటి టైము నాలుగు. వాన. పగలే అయినా మెట్ల దగ్గర చీకటి. వంటగదిలో... టిక్. టిక్. బ్యాటరీ లేని గడియారం నడుస్తోంది. ఐదు చూపిస్తోంది.

బయటికొచ్చి మూడో మెట్టు మీద కూర్చున్నాడు. మిషన్ నూనె వాసన. పక్కన... ఎవరో కాస్త జరిగి చోటిచ్చారు.

"వచ్చారా..."

"వచ్చానే."

"ఎంతైంది?"

"ఐదు."

"ఎవరి ఐదు?"

"నాదే... ఈసారి నాదేనే."

భుజానికి చల్లటి బరువొకటి ఆనింది. కదిలితే పోతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా తీశాడు. ఎంతసేపలా కూర్చున్నాడో ఆయనకే తెలీదు.

ఇంటి గడియారంలో ఐదు కావస్తుండగా బడి నుంచి కూతురు వచ్చింది. గొడుగు మడిచి, ఇద్దరికీ తగలకుండా ఓరగా మెట్లెక్కింది.

"భయమేయట్లేదా తల్లీ?" అన్నాడు గుసగుసగా.

"ఎందుకు? నేనొచ్చేసరికి రోజూ ఇక్కడే కూర్చుంటారుగా, నువ్వూ అమ్మా."

"రోజూనా? నేనొచ్చేది నువ్వొచ్చాక, ఐదింటికి కదమ్మా..."

పిల్ల మొహం పాలిపోయింది. "ఐదింటికొచ్చేది... నువ్వా?"

వీధిలో బండి ఆగింది. ఆయన బండి చప్పుడే. బండి తాళం ఆయన జేబులోనే ఉంది.

కింద తడి బూట్ల అడుగులు. ఒకటో మెట్టు...

పక్కనుంచి చల్లటి చెయ్యి ఆయన చేతిని పట్టుకుంది. "బాధపడకండి. ఆలస్యంగా వచ్చింది మీరు కాదుగా."

కింది మెట్టు మీద ఎవరో ఏడుస్తున్నారు. ఆయన గొంతుతోనే.