ఒట్టి మగ్గం

"ఆగు! గడప దాటకు!" ఆండాళు అవ్వ వాకిట్లోనే అడ్డం నిలబడింది.

బయట నిలబడిన అమ్మాయి బిత్తరపోయింది. "ఏమైందవ్వా?"

"ఏమైందా? అత్త పాలల్ల విషం కలిపింది నువ్వే గదా! మొన్ననే నా కండ్లతోని చూసిన."

"అయ్యో, అది సీరియల్ అవ్వా! నా పేరు సుస్మిత. మాది కోస్గి."

"కోస్గోళ్లు విషం కలపరా ఏంది?"

లోపల మగ్గం గుంటలో కూర్చున్న మనవడు శ్రవణ్‌కు నవ్వు ఆగలేదు. సుస్మిత తొంగి చూసింది. ఆ చూపు తగలగానే అతని కాళ్లు తడబడ్డాయి, పోగు తెగింది. వెంటనే అనుమానం కూడా వచ్చింది. టీవీ మనిషికి నారాయణపేటలో, అందునా తమ ఇంట్లో ఏం పని?

పని ఉంది. పాలమూరులో ఒక నాటకం వేస్తున్నారు. అందులో సుస్మితది మగ్గం నేసే ముసలమ్మ పాత్ర. వారమంతా హైదరాబాదులో షూటింగులు, ఆదివారాలు మాత్రం ఖాళీ. మగ్గం పని నేర్పమని అడగడానికి వచ్చింది.

"టీవీల అంత పేరుండంగ నాటకం దేనికి?" అన్నాడు శ్రవణ్.

"టీవీల పక్కన నిలబడి ఒకాయన డైలాగ్ అందిస్తడు, నేను అప్పజెప్త. రేపు నా పాత్ర ఏం జేస్తదో నాకే తెల్వది. స్టేజీ మీదనైతే మొదటికెల్లి ఆఖరుదాకా ఒక మనిషిలెక్క బతకొచ్చు."

మాట బాగుంది. శ్రవణ్‌కు నచ్చనిది కూడా అదే. ఇంత బాగున్న మాట ఎవరో రాసిచ్చిందే అయి ఉంటుందనుకున్నాడు. అసలే ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. చీర కొనేవాళ్లు "బాగుంది" అన్నా, ఎందుకన్నారో అని రెండు రోజులు ఆలోచిస్తాడు.

అయినా నేర్పాడు. ఆమె ప్రతి ఆదివారం వచ్చేది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

"కాళ్ల దిక్కు చూసి తొక్కు, నా దిక్కు కాదు."

"నేను నీ దిక్కు చూస్తున్ననని నీకెట్ల తెల్సు?"

శ్రవణ్ చెవులు వేడెక్కాయి. "ఇది ఏ ఎపిసోడ్‌ల డైలాగ్?" అన్నాడు. పాపం, సుస్మిత మొహం చిన్నబోయింది.

ఒక ఆదివారం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. మగ్గం ఆపి ఇద్దరూ చూరు కింద కూర్చున్నారు. వాన ఏం చేసిందో గానీ, ఎవరికీ చెప్పని మాట శ్రవణ్ నోటి నుంచి వచ్చేసింది.

"చిన్నప్పుడు మా అమ్మ మగ్గం చప్పుడు వినుకుంటనే పండుకునేటోన్ని. అమ్మ పోయినంక నిద్ర పట్టకపోయేది. అప్పుడు నూలు లేకున్నా, అవ్వ ఒట్టి మగ్గం ఆడించేది. నేను పండుకునేదాకా."

సుస్మిత దగ్గరికి జరిగింది. అతని చేతి మీద చెయ్యి వేసింది. అంతే, మనవాడి పని అయిపోయింది. వాన వెలిసినా అక్కడి నుంచి లేవలేదు.

నాటకం నాడు అవ్వను తీసుకుని పాలమూరు వెళ్లాడు. స్టేజీ మీద తెల్లజుట్టుతో సుస్మిత. తల్లిలేని మనవడు నిద్రపోవాలని నూలు లేని మగ్గం ముందు కూర్చుని ఒట్టి మగ్గం ఆడించింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

శ్రవణ్ లేవలేదు. చూరు కింద ఆ చెయ్యి ఎందుకు వేసిందో ఇప్పుడు తెలిసిందనుకున్నాడు. తన తల్లి లేని దుఃఖం ఆమెకు ఒక సీను! పక్కన అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే, ఆమెను లేపి బస్సెక్కించాడు.

తర్వాత సుస్మిత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. నాటకం నల్గొండ వెళ్లింది, హుజూర్‌నగర్ వెళ్లింది. ఎక్కడ ఆడినా జనం మెచ్చుకున్నారని తెలిసి ఇంకా మండిపడ్డాడు.

ఆఖరి ప్రదర్శన కూడా అయిపోయాక, ఒక ఆదివారం సుస్మిత గుమ్మంలోకి వచ్చింది. ఈసారి అవ్వ అడ్డం రాలేదు.

ఇంట్లో ఆ వేళ పడుగు అతుకుతున్నారు. మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే వేళ్లతో మెలిపెట్టి కలపాలి. నడుము విరిగే పని, చూసేవాళ్లకు విసుగు.

"నాటకం అయిపాయె గదా. ఇంకేం గావాలె?" అన్నాడు శ్రవణ్ తలెత్తకుండా.

"నీ మాట నిన్ను అడగకుండ వాడుకున్న. వద్దంటవేమోనని భయపడ్డ. తప్పు నాదే."

"మరి ఆ దినం చెయ్యేసింది?"

"అది సీన్ కోసం కాదు."

"ఎట్ల నమ్మాలె?"

"గదే గదా నా బాధ! ఏడిస్తే గ్లిజరిన్ అంటవ్, నవ్వితే ఎపిసోడ్ అంటవ్. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు నన్ను. సీరియల్ మానను, నాటకం మానను, అది నా పని. నీ కాడ మాత్రం ఎన్నడు నటించలే."

చెప్పులు విడిచి లోపలికి వచ్చి, అతని పక్కన కూర్చుని ఒక పోగు కొస పట్టుకుంది.

"గీ పని నీ నాటకంల లేదు గదా?"

"లేదు. చూసెటోళ్లు ఎవ్వరు లేరు. నేర్పు."

శ్రవణ్ ఆమె వేళ్ల మధ్య పోగు పెట్టాడు. మెలిపెట్టడం చూపిస్తూనే అన్నాడు. "నువ్వంటే నాకు పానం, సుస్మితా."

సుస్మిత అతని కళ్లలోకి చూసింది. "ఎట్ల నమ్మాలె?"

ఊరందరినీ అనుమానించేవాడికే ఆ ప్రశ్న ఎదురైంది. జవాబు అవ్వ తెచ్చింది. మూలనున్న మడత చీర తీసి సుస్మిత ఒడిలో పడేసింది.

"నువ్వు రానన్ని దినాలు వీడు నేసిన చీర చూడు బిడ్డా. అంచుల నేసిన గుడి గోపురాలల్ల ఒక్కటన్న సక్కగున్నదా? వీని చేతులు గిట్ల ఎన్నడు తప్పలే. ఇద్దరు కూసొని అతకండ్రి, నా నడుం పోయింది. కోస్గికి నేనే పోయి మీ అమ్మతోని మాట్లాడుత."

సుస్మిత చీర విప్పింది. గోపురాలు ఒకటి ఇటు వాలింది, ఇంకొకటి అటు. ఆమె దాన్ని భుజాన వేసుకుంది.

"గీ చీర నాకు గావాలె."

"దాంట్ల అన్నీ తప్పులే సుస్మితా."

"అందుకే నమ్మిన."