ఏడో గదికి తాళం వేసిందెవరు?

దబ్!

వెనక తలుపు మూసుకుంది.

ప్రణీత ఒక్క ఉరుకున వెళ్లి తోస్తుంది. కదలదు. లోపలి హ్యాండిల్ కోసం తడుముతుంది...

లేదు! ఎవరో ఊడబీకేశారు!

టౌరంగా ఊళ్లో కివీ పండ్ల కోల్డ్ స్టోర్. ఏడో గది. ఆదివారం మిట్టమధ్యాహ్నం. పోయిన నెల తోటి ఉద్యోగి లోకేశ్ ఊపిరాడక చనిపోయింది ఇక్కడే. పొరపాటున లోపలికి వెళ్లాడని రిపోర్టు రాశారు. అది నమ్మలేకే, నెట్‌వర్క్ ఇంజినీర్ ప్రణీత ఈ తలుపు చూసిపోదామని వచ్చింది.

పైన బుస్సుమని చప్పుడు.

నైట్రోజన్! పండ్లు మగ్గకుండా గదిలో ఆక్సిజన్‌ని తోసేసే గ్యాస్!

మెడలోని ఆక్సిజన్ మీటర్ కీచుమంటుంది. 18.4 శాతం. మామూలుగా ఇరవై ఒకటి ఉండాలి.

ఫోన్‌కి సిగ్నల్ లేదు. వాకీటాకీ నొక్కుతుంది.

"రాఘవ్! ఏడో గదిలో ఇరుక్కుపోయాను! తలుపు తియ్యి!"

"అయ్యో! పరేషాన్ గాకు. గేటు కాడున్న. ఉరికొస్తున్న!"

రాఘవ్ షిఫ్ట్ సూపర్‌వైజర్. రెండేళ్లుగా ఒకే ఫ్లాట్‌లో ఉంటున్న స్నేహితుడు.

"ఎవరు లాక్ చేశారు?"

"ఇంకెవడు? మేనేజర్ గౌతమే!"

ల్యాప్‌టాప్ తెరుస్తుంది. ఇంటర్నెట్ కట్. ఆఫీసు లోపలి నెట్‌వర్క్ మాత్రం... ఒక్క గీత.

చాలు!

తలుపుల్ని నడిపే ముసలి సర్వర్‌లో ఎప్పుడో తీసేయాల్సిన సర్వీస్ ఒకటుంది. ఫింగర్. ఎవరు లాగిన్ అయ్యారో, ఎక్కణ్ణుంచో, కీబోర్డు ముట్టి ఎంతసేపయిందో చెప్పేస్తుంది.

టైప్ చేస్తుంది. ఎంటర్!

గౌతమ్. ఇంటి నుంచి.

వాడే!

కాదు... ఆగు. ఐడిల్: మూడు గంటలు. పొద్దున్నుంచీ అతను ఒక్క కీ కూడా నొక్కలేదు!

కింద ఇంకో పేరు.

రాఘవ్. కంట్రోల్ రూమ్. ఐడిల్: సున్నా.

16.9.

వాకీటాకీ మళ్లీ నొక్కుతుంది.

"రాఘవ్... ఎక్కడిదాకా వచ్చావు?"

"పార్కింగ్ దాటిన! రెండు నిమిషాలు!"

మళ్లీ ఎంటర్.

కంట్రోల్ రూమ్. సున్నా.

మళ్లీ.

సున్నా!

"పరిగెడుతూ టైప్ ఎలా చేస్తున్నావు రాఘవ్?"

వాకీటాకీలో గరగర.

పైన బుస్సు రెట్టింపవుతుంది. 15.6. తలుపుకి జారగిలబడి పిడికిలితో బాదుతుంది. ఆదివారం. వినేవాళ్లు లేరు.

చివరికి అతని గొంతు. తాపీగా. పరుగెత్తిన ఆయాసం లేదు.

"లోకేశ్ గూడ నన్ను గిట్లనే వట్టుకున్నడు, ప్రణీతా."