క్రూ లిస్టులో లేనివాడు

కట్టంగూర్ దగ్గర హైవే పక్కన చాయ్ హోటల్లో ఒక మనిషి ఉప్పు బిస్కెట్‌ను చక్కెర లేని టీలో ముంచుకుని తింటున్నాడు. అంత రుచిలేని పని ఎవరూ సరదాకి చేయరు. అదే గుర్తు.

నరహరి వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు. "లారీ ఎప్పుడొస్తది?"

"వచ్చిన లారీకి లోడు లేదు."

కోడ్ సరిపోయింది. బిస్కెట్ మనిషి పేరు పరశురాం. చూసేవాళ్లకు ఎరువుల డీలర్. నిజానికి ఢిల్లీలో బోర్డు కూడా లేని ఒక ఆఫీసుకు సౌత్ డెస్క్ చీఫ్. నరహరి ఆ ఆఫీసు ఏజెంట్. నేతగాళ్ల ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి నేవీలో వంటవాడిగా చేరి, అక్కడినుంచి ఈ పనిలో పడ్డాడు. వంటవాణ్ణి ఎవరూ అనుమానించరు. పన్నెండేళ్లుగా అదే అతని మారువేషం.

పరశురాం టేబుల్ మీద ఒక ఫోటో పెట్టాడు. పేరు మల్లిక, ఇరవైమూడేళ్లు, హుజూర్‌నగర్. తల్లి మైసమ్మ రైసుమిల్లులో కూలి. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఒక ఉద్యోగాల ఏజెంట్ పిల్లను విమానం ఎక్కించాడు. దిగినచోట పాస్‌పోర్టు లాక్కుని, కంచె వెనక కూర్చోబెట్టి, ఫోన్లలో మన జనాన్నే మోసం చేయించారు. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో మల్లిక, ముఠాకు ఇక్కడినుంచి మనుషుల్ని పంపే పంతొమ్మిదిమంది పేర్లు, నంబర్లు బట్టీ పట్టింది. దొంగచాటుగా తల్లికి ఫోన్ చేసి ఆ మాట చెప్పింది. ముఠా కూడా విన్నది.

"చంపలేదా?"

"ఇంకెవరికి చెప్పిందో తెలిసేదాకా చంపరు. దేశం మారుస్తున్నరు. ఒక ప్రైవేట్ యాట్ల, సముద్రం మీద."

పద్ధతి పరశురాం వివరించాడు. విమానాశ్రయంలో కెమెరా ఉంటుంది, వేలిముద్ర ఉంటుంది. సొంత పడవలో వచ్చేవాళ్లకు అంత తతంగం లేదు. దారిలో కలిస్టా దీవుల దగ్గర ఆగాలి. పసుపు జెండా ఎగరేయాలి. అంటే, మా పడవలో రోగాలు లేవు, లోపలికి అనుమతి ఇవ్వండి అని. కెప్టెన్ ఒక్కరే అందరి పాస్‌పోర్టులూ, క్రూ లిస్టూ పట్టుకుని ఒడ్డుకు వెళ్లి స్టాంపులు వేయించుకుంటారు. మిగతావాళ్ల మొహాలు ఆఫీసర్లు చూడనే చూడరు. ఆ కాగితాలుంటే తర్వాతి దేశం నోరెత్తదు. మల్లిక వేరే పేరుతో చట్టబద్ధంగా మాయమైపోతుంది.

"కలిస్టా దాటితే?"

"దాటితే ఫైల్ క్లోజ్."

యాట్ కెప్టెన్ పూజ మన మనిషేనన్నాడు పరశురాం. జడ్చర్ల పిల్ల. హుస్సేన్‌సాగర్‌లో పడవ పందేలు గెలిచింది. ముఠా జీతం తింటూ మనకు కబురు చేరవేస్తోంది. ఆమెను నమ్మవచ్చు. తర్వాత ఒక సిగరెట్ లైటర్ ఇచ్చాడు. మూడుసార్లు నొక్కితే కలిస్టాలోని మన కాన్సులేట్‌కు సిగ్నల్ వెళ్తుంది.

*

నరహరి వంటవాడిగా ఎక్కిన యాట్ పేరు సిల్వర్ ఫిన్. మెట్ల మీద తెల్ల లినెన్ చొక్కా, నల్ల కళ్లద్దాలతో పూజ నిలబడి ఉంది. అందగత్తె. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పక్కన హెండ్రిక్ అనే ఎర్రటి ఆరడుగుల మనిషి, నడుములో తుపాకీతో. ముఠా తరఫు కాపలా. సముద్రం పడక అప్పుడే వాంతులు మొదలుపెట్టాడు.

కోడ్ మాటలు అయ్యాక పూజ గొంతు తగ్గించింది. "అన్నా, వాడు దినాం వంటింట్ల సోదా చేస్తడు. లైటర్ నాకియ్యి, నా దగ్గర పదిలంగుంటది."

పరాయి దేశపు రేవులో పాలమూరు యాస వినబడేసరికి నరహరికి ప్రాణం లేచొచ్చింది. లైటర్ ఇచ్చేశాడు. పన్నెండేళ్ల సర్వీసులో అంతకన్నా తెలివితక్కువ పని అతను చేయలేదు.

మల్లికను ముందు క్యాబిన్‌లో పెట్టి తాళం వేశారు. తలుపుకున్న చిన్న కిటికీలోంచి అన్నం పెట్టడం వంటవాడి పని. మొదటిరోజే హెండ్రిక్ వినకుండా నరహరి చెప్పాడు. మీ అమ్మ పంపింది, నీకేం కాదు, నేనున్నాను అని. పిల్ల అతని మొహంలోకి చూడలేదు.

"ఏజెంటు గూడ గిట్లనే మాట్లాడిండు," అంది. "మనోడే గదా అని నమ్మిన. మనోళ్లే అమ్మిండ్రు."

కిటికీ మూసేసింది. ఆ రోజు అన్నం పళ్లెం అలాగే తిరిగొచ్చింది.

నాలుగోరోజు తుఫానుకు పసుపు జెండా చిరిగి కొట్టుకుపోయింది. అది లేకుండా కలిస్టా రేవులోకి వెళ్తే జరిమానా, సోదా. పూజ కంగారుపడింది. ఏదైనా పసుపు గుడ్డ చూడమని వంటవాడికి పురమాయించింది. నరహరి తెల్ల దిండు గలీబును పసుపు నీళ్లలో ఉడికించి ఆరేశాడు. రంగులద్దే ఇంట్లో పుట్టినవాడు, పసుపు రంగు నిలవదని తెలుసు. బాపు చూస్తే తిట్టేవాడు. కానీ పైకి ఎగరేస్తే ముచ్చటగానే ఉంది.

శనివారం పది గంటలకు కలిస్టా రేవులో లంగరు వేశారు. ఆఫీసు పన్నెండింటికి మూస్తారు, మళ్లీ సోమవారమే. పూజ కాగితాలు సర్దుతోంది. కాఫీ పెట్టడానికి వెళ్లిన నరహరి కళ్లు క్రూ లిస్టు మీద పడ్డాయి. కెప్టెన్ పూజ. ప్యాసింజర్ హెండ్రిక్. ప్యాసింజర్ రీటా, అంటే మల్లిక. అంతే.

పడవలో నలుగురున్నారు. లిస్టులో ముగ్గురే.

తన పేరు లేదు. లిస్టులో లేనివాడు పడవ ఎక్కనేలేదు. ఎక్కనివాడు సముద్రంలో పడిపోయినా అడిగేవాళ్లుండరు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నట్టు, మన మనిషి అనుకున్నది ఎప్పుడో అమ్ముడుపోయింది. నరహరి కాఫీ కప్పు పూజ ముందు పెట్టాడు. పదకొండుకు పూజ చిన్న మోటారు పడవలో ఒడ్డుకు బయల్దేరింది.

నరహరి వంటింట్లో నిలబడి లెక్క వేశాడు. ఈదుకుంటూ వెళ్తే హెండ్రిక్ కాలుస్తాడు. గురి తప్పినా పిల్ల వాడి చేతిలో ఉంటుంది. రేడియో పూజ గదిలో, తాళంలో. లైటర్ సరేసరి. ఆఫీసర్లు ఈ పడవ ఎక్కాలి. ఎక్కాలంటే వాళ్లకు భయం పుట్టాలి. నేవీలో జెండాలు నేర్చుకున్నాడు. మొత్తం ఎర్రగా ఉన్న జెండా ఎగిరితే, పడవలో పేలుడు సరుకు ఉందని అర్థం.

చొక్కా మీద పడ్డ పప్పుమరకకు సబ్బు రాస్తే ఏమవుతుందో మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గంట క్రితమే ఆ సంగతి తోచి ఉంటే బాగుండేది.

ముడి జారుతోందని హెండ్రిక్‌కు చెప్పి జెండా దించాడు. బట్టల సోడా కలిపిన నీళ్లలో ముంచాడు. పసుపు కళ్లముందే ఎర్రబారింది. కుంకుమంత కాదు, ఇటుకంత. దూరానికి చాలు. మళ్లీ ఎగరేశాడు.

హెండ్రిక్ తల ఎత్తి చూసి, రంగు మారిందేమని ఇంగ్లీషులో అడిగాడు. తడిసింది, ఆరితే పసుపవుతుందని నరహరి చెప్పాడు. వాడు నావికుడు కాదు. పైగా కడుపులో తిప్పుతోంది. తలాడించి కూర్చున్నాడు.

పదకొండు ఇరవై. రేవులో కదలిక లేదు. పదకొండున్నర. పోర్టు టవర్‌లో ఎవరున్నారో, ఉన్నవాడు టీ తాగుతున్నాడో నిద్రపోతున్నాడో. నరహరి మొక్కని దేవుడు లేడు, యాదగిరిగుట్ట నరసింహస్వామితో సహా. పదకొండు నలభైకి ఒడ్డునుంచి ఒక పడవ బయల్దేరింది. అందులో ఉన్నది పూజ.

దూరంనుంచే జెండా చూసి వేగం పెంచింది. పైకి ఎక్కుతూనే దాన్ని పీకేసింది. తుపాకీ హెండ్రిక్ నడుములోంచి ఆమె చేతికి వచ్చింది.

"మంచి తెలివే అన్నా," అంది. "గని లేటయింది. స్టాంపులు పడ్డయ్."

"ఆ పిల్ల నీకేం చేసింది పూజా?"

"ఏం జేయలే. నేను గూడ ఎవ్వలకేం జేయలే. ఒక్కసారి దిగినంక ఎక్కనియ్యరు గీ నీళ్లల్ల."

ఆ ఒక్క మాటే ఆమె నిజంగా అన్నది. మరుక్షణం తుపాకీని చొక్కా కింద దోపుకుని, ఇంజన్ స్టార్ట్ చేసి లంగరు లేపింది. అప్పుడు సైరన్ వినిపించింది. పోర్టు లాంచ్, నీళ్లను చీల్చుకుంటూ.

హెండ్రిక్ నరహరిని మెడపట్టి ఇంజన్ గదిలోకి తోసి, పైన మూత వేసి గడియ పెట్టి, మీద తాళ్ల చుట్టలు పడేశాడు. కింద చీకటి, వేడి, చెవులు పగిలే మోత. ఎంత అరిచినా పైకి వినబడదు. చెక్కల సందులోంచి మాత్రం డెక్ కనిపిస్తోంది.

లాంచ్‌లోంచి ఇన్‌స్పెక్టర్ డొమింగా ఎక్కింది. భారీ మనిషి, శనివారం మధ్యాహ్నం డ్యూటీ పడినందుకు అలిగిన మొహం. కానిస్టేబుళ్లు పడవంతా కలియతిరిగారు. పేలుడు సరుకు లేదు. జెండా రంగు వెలిసిందని పూజ నవ్వుతూ చూపింది. మల్లికను బయటికి తెచ్చారు. ఇన్‌స్పెక్టర్ పాస్‌పోర్టు చూసి, మొహం చూసి, అంతా బాగేనా అని అడిగినట్టుంది. మల్లిక హెండ్రిక్ వైపు చూసింది. తల్లి పనిచేసే మిల్లు పేరు వాడికి తెలుసు. తల ఊపింది.

డొమింగా పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చేసింది.

నరహరికి ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చి, ఇన్ని చేసి, పిల్ల అలా తల ఊపితే చూడటానికా? తడుముకుంటూ డీజిల్ పైపు పట్టుకున్నాడు. వాల్వు తిరగలేదు. చొక్కా విప్పి చుట్టి, బలమంతా పెట్టి తిప్పాడు. అరచేయి తోలు ఊడింది. తిరిగింది.

పైన ఇన్‌స్పెక్టర్ ఒక కాలు లాంచ్ నిచ్చెన మీద పెట్టింది. ఇంజన్ దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగింది. ఆ నిశ్శబ్దంలో నరహరి పానా తీసుకుని మూతను బాదాడు.

నిచ్చెన మీది కాలు వెనక్కి వచ్చింది. డొమింగా డెక్ మీదివాళ్లను లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. చేతిలోని లిస్టు చూసింది. ముగ్గురే. మరి కింద బాదుతున్నది ఎవరు?

మూత తీశారు. నూనె, నెత్తురు పూసుకున్న వంటవాడు పైకి వచ్చి చేతులెత్తాడు. అతని మొదటి వాక్యం పదేళ్లుగా ఆ రేవులో ఎవరూ అనలేదు.

"మేడమ్, నా పేరు ఆ లిస్టులో లేదు. నేను అక్రమంగా వచ్చాను. నన్ను అరెస్ట్ చేయండి."

పేలుడు సరుకు అబద్ధం కావచ్చు. లిస్టులో లేని మనిషి మాత్రం కళ్లెదుట ఉన్నాడు. కలిస్టా చట్టంలో దానికి మినహాయింపు లేదు. స్టాంపులు రద్దు, పడవ జప్తు, అందరూ ఒడ్డుకు. హెండ్రిక్ నడుముమీదికి చేయి పోనిచ్చి, తుపాకీ పూజ దగ్గరుందని గుర్తొచ్చి ఆగాడు. పూజ తుపాకీని డెక్ మీద పెట్టేసి కళ్లద్దాలు తీసింది. కళ్ల కింద నిద్రలేని వలయాలున్నాయి.

సంకెళ్లు వేయించుకుంటున్న వంటవాణ్ణి మల్లిక చూసింది. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. తన పేరు రీటా కాదని, మల్లిక అని, తనది హుజూర్‌నగర్ అని, తన దగ్గర పంతొమ్మిది పేర్లున్నాయని ఇంగ్లీషులో చెప్పింది. మొదటి పేరు తనను అమ్మినవాడిది.

స్టేషన్‌లో ఆమెకు ఫోన్ ఇచ్చారు.

"అమ్మా, నేను పోలీస్‌టేషన్‌ల ఉన్న. ఫికర్ జేయకు."

"నేను గూడ ఠాణలనే ఉన్న బిడ్డా," అంది మైసమ్మ. "నీ గురించి అడుగుదామని వచ్చిన. ఇంకేమీ అడగ. నువ్వు మాట్లాడు."

మల్లిక గోడకు ఆనుకుని ఏడ్చింది. కటకటాల వెనక నరహరి తల తిప్పుకున్నాడు.

అలాంటి పేరుగల ఉద్యోగి తమకు లేడని ఢిల్లీనుంచి సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. అది అనుకున్నదే. సోమవారం మేజిస్ట్రేట్ తీర్పు చదివాడు. అనుమతి లేకుండా దేశంలో ప్రవేశించిన నేరానికి శిక్ష, తొలి విమానంలో సొంత దేశానికి పంపేయడం. పక్కసీటులో సాక్షిగా మల్లిక.

నరహరి అప్పీలు చేసుకోలేదు.