సిగ్గుపడిన ట్రంపెట్ పువ్వు

“మా మొక్కకి కాయ పట్టింది. కారకుడివి నువ్వేనా?”

గోడ మీంచి దూసుకొచ్చిన ప్రశ్నకి సోగో చేతిలోని చేప జారిపోయింది. షిమోదా రేవు దగ్గర వాళ్ళది ఎండుచేపల దుకాణం. పక్కింటి మిజుహో గోడ మీద గడ్డం ఆనించి పోలీసులా చూస్తోంది.

“గాలికి కాసిందేమో...”

“ఏంజెల్ ట్రంపెట్ చెట్టు తన పుప్పొడితో తాను కాయ కట్టదు. వీధిలో ఇంకో చెట్టు మీ పెరట్లోనే ఉంది. పైగా మా పెరట్లో పుప్పొడి అంటిన ఈ బ్రష్ దొరికింది. చేపల కంపు! గాలి కూడా చేపలమ్ముతోందా?”

సోగో తలొంచుకున్నాడు. “నీతో మాట్లాడ్డానికి ఇంకే సాకూ దొరకలేదు.”

మిజుహో చెవులు ఎర్రబడ్డాయి. అంతలో వెనక నుంచి ఆమె తాత కంజిరో ఉరిమాడు.

“మా తెల్లపూల వంశంలో మీ చెట్టు గులాబీ రంగు కలిపావట్రా?”

“తాతగారూ, ఆ గింజలు నాటుదాం. మొదటి పువ్వు గులాబీ రంగులో పూస్తే మిజుహోని నాకిచ్చి పెళ్లి చేయండి.”

“నన్నడిగావా?” అంది మిజుహో.

“గోడ అడ్డమొచ్చింది.”

“తెల్లగా పూస్తే మాత్రం మళ్ళీ ఇటు చూడకూడదు,” అన్నాడు ముసలాయన. “చూశావో, ఆ చేపల పక్కనే నిన్నూ ఆరేస్తాను!”

వసంతంలో గింజలు మొలిచాయి. నత్తలు తిన్నవి పోగా ఒక్క మొక్క మిగిలింది. నత్తలేరే వంకతో సోగో ఆదివారాలన్నీ అక్కడే గడిపాడు.

పై ఏడు వానలు తగ్గాక ఓ సాయంత్రం మొగ్గ విచ్చుకుంది.

తెల్లగా!

“పాలే పాలు!” కంజిరో గంతేశాడు. సోగో ముఖం ఉప్పు పట్టిన చేపలా వాడిపోయింది.

మిజుహో మాత్రం తొణకలేదు. “తాతయ్యా, ఇంత పరువు ఇంట్లో దాచుకుంటామా? రేపు సాయంత్రం కుండీ వీధిలో పెట్టి అందరినీ పిలుద్దాం. అందాకా చుట్టూ వెదురు తడిక కట్టేస్తాను.”

మర్నాడు వీధంతా చేరింది. సోగోని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. కంజిరో ఠీవిగా తడిక లాగాడు.

తలకిందులుగా వేలాడుతున్న పువ్వు, అంచు నుంచి మొదలు దాకా గులాబీ రంగు.

“ఎవడో రంగు పూశాడు!” ముసలాయన చేతిరుమాలుతో రుద్దాడు. రుమాలు తెల్లగానే ఉంది.

“వాళ్ళ చెట్టు పూలూ అంతే తాతయ్యా. మొదటి సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి రంగెక్కుతాయి.”

“నాకే తెలీదే!” అన్నాడు సోగో.

“చేపల వేలానికని చీకటితో లేస్తావు, పొద్దు గూకగానే గుర్రు పెడతావు. నీకెలా తెలుస్తుంది?”

“మరి నీకెలా తెలుసు?”

మిజుహో ఇరుక్కుపోయింది. “గోడ మీంచి... రోజూ చూసేదాన్ని. పువ్వుని.”

“పువ్వునేనా?”

వీధి మొత్తం చెవులు రిక్కించింది. కంజిరో పువ్వు వైపు చూశాడు, మనవరాలి ముఖం వైపు చూశాడు. రెండూ ఒకే రంగు.

“రేపటికి మళ్ళీ తెల్లబడుతుందా?” నీరసంగా అడిగాడు.

“ఏది తాతయ్యా?”

“ఏదో ఒకటి!”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“అయితే గుడ్లప్పగించి చూస్తావేంరా?” సోగో మీద విరుచుకుపడ్డాడు. “కుండీ బరువు. లోపలికి పట్టు. తలుపులోంచి రా, గోడ దూకకు!”

సోగో కుండీ ఎత్తుకుని గుమ్మం దాటాడు. మిజుహో పక్కకి జరిగి దారిచ్చింది.

“ఇక్కడ గోడ లేదు,” అంది మెల్లగా. “ఇప్పుడడుగు.”