తొమ్మిదో గడి

గేట్ బజార్ బట్టల కొట్ల వెనక సందులో, రెండో అంతస్తు వాటాలో ఉంటోంది కమలాకుమారి. ఆ రోజు బుధవారం. ఉత్తరాన ఎక్కడో తుఫాను తీరం దాటిందట. బరంపురంలో పొద్దుటి నుంచీ ఒకటే ముసురు. కరోనా కట్టడి వల్ల కొట్లన్నీ మూసే ఉన్నాయి. సందులో మనిషి అలికిడి లేదు. మధ్యాహ్నం మూడున్నరకే ఇంట్లో లైటు వేసుకోవలసి వచ్చింది.

భోజనాల బల్ల మీద భర్త ఆఫీసు లాప్‌టాప్ పెట్టి, దాని పక్కనే అతని ఫొటో నిలబెట్టింది కమల. వైకుంఠరావు పోయి పదకొండు రోజులు. నాలుగు గంటలకి ఆఫీసు వాళ్లు ఆన్‌లైన్లో సంస్మరణ సభ పెట్టారు. హైదరాబాదులో ఒకరు, పూనాలో ఒకరు, ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని అతని గురించి నాలుగు మాటలు చెప్పుకుంటారు. మాట్లాడతానని ఆమె ఒప్పుకుంది గానీ, ఏం మాట్లాడాలో ఆమెకే తెలీదు.

పాత్రపూర్ దగ్గర పల్లెలో రైతుబిడ్డ వైకుంఠరావు. ఒడియా బడిలో చదివి, పాలిటెక్నిక్ చేసి, హైదరాబాదులో పన్నెండేళ్లు కంప్యూటర్ల ఉద్యోగం చేశాడు. ఏ ఊళ్లోనో బ్యాంకు కంప్యూటర్లు మొరాయిస్తే, ఉన్నచోటు నుంచే వాటిని మళ్లీ నడిపించడం అతని పని. కరోనా వచ్చి ఇంటి నుంచే పని అన్నారో లేదో, భార్యనీ ఎనిమిదేళ్ల కూతురు నీలనీ తీసుకుని బరంపురం వచ్చేశాడు. చెవులకి హెడ్‌ఫోను, చేతిలో గరిటె... ఒకపక్క పూనా వాళ్లకి సమాధానం చెబుతూ ఇంకోపక్క ఉప్మా కలిపేవాడు. నీల అతని ఒళ్లో నిద్రపోతే, లేపడం ఇష్టం లేక గంటల తరబడి ఒంటి చేత్తో టైపు చేసేవాడు. సోనేపూర్ సముద్రానికి తీసుకెళ్లిన రోజు అల చూసి పిల్ల జడుసుకుంటే, తిరిగి ఇంటికి చేరేదాకా భుజం మీంచి దించలేదు.

అలాంటి మనిషిని ఆసుపత్రి బండిలో ఎక్కించినప్పుడు కమల గుమ్మంలోంచి చూసింది, అంతే. ఆమెకీ అదే జబ్బు. గదిలోంచి బయటికి రాకూడదన్నారు. ఐదో రోజున మునిసిపాలిటీ మనిషి ఫోన్ చేశాడు. "సరిగలా, మా," అన్నాడు. అయిపోయిందమ్మా అని. ఎక్కడ కాల్చారో, ఎవరి పక్కన కాల్చారో కూడా తెలీదు.

ఆ మర్నాటి నుంచి నీలకి అదోలా ఉంది. పరీక్ష చేస్తే జబ్బేమీ లేదన్నారు. అన్నం ముట్టదు. చేతులు మంచు ముద్దల్లా ఉంటాయి. పగలంతా గోడవైపు తిరిగి పడుకుని, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు మధ్యమధ్య తల ఊపుతుంది. పాస్ కాగితం పుట్టించుకుని పాత్రపూర్ నుంచి వచ్చిన ఆడపడుచు పుణ్యవతి, నాలుగు రోజులుగా పిల్ల మంచం పక్క వదల్లేదు.

"ఇది జొరం కాదే, కమలా," అంది ఆ మధ్యాహ్నం గొంతు తగ్గించి. "పిల్ల కళ్లు సూడు. మనల్ని సూస్తన్నట్టు నేవు."

ఆ మాట కమలకీ తోచకపోలేదు.

నాలుగయింది. తెర మీద గళ్లు గళ్లుగా ముఖాలు వచ్చాయి. కమలతో కలిపి ఎనిమిది. జట్టు పెద్ద తాతారావు అందరినీ పేరుపేరునా పరిచయం చేసి, ఒక్క నిమిషం మౌనం పాటించమన్నాడు. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. మౌనం అయ్యాక ఒక్కొక్కరూ మాట్లాడారు. కొత్తగా చేరినప్పుడు అన్నం డబ్బా పంచుకున్నాడని ఒకరు, అమ్మకి ఆపరేషన్ అయితే తన పని కూడా అతనే చేశాడని ఒకరు. కమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

చివరికి పూనా నుంచి భానుమూర్తి అనే కుర్రాడి వంతు వచ్చింది.

"పోయిన వారం మంగళవారం, పద్దెనిమిదో తారీకు... మా బ్యాంకు సిస్టం మొత్తం ఆగిపోయింది, మేడమ్. వైకుంఠం అన్న లైన్లోకొచ్చాడు. నాలుగు గంటలు నాతోనే ఉన్నాడు. గొంతు బాగాలేదు. నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టుంది. మధ్యలో ఒకటే మాట అడిగాడు, పాప నిద్రపోయిందా అని. మీతో అంటున్నాడనుకున్నాను..."

"భానూ," అన్నాడు తాతారావు. "తారీకు తప్పు చెబుతున్నావు."

"లేదు సార్. పద్దెనిమిదే."

వైకుంఠరావు పోయింది పదిహేనో తారీకు. తెర మీద ఏడుగురూ కమల ముఖంలోకి చూస్తున్నారు. ఆమె వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి.

అప్పుడు తెర మీద గళ్లన్నీ కాస్త కుదించుకున్నాయి. ఇంకొకటి వచ్చింది.

తొమ్మిదో గడి.

పేరు లేదు. ముఖం లేదు. నలుపు. అందులోంచి చిన్న చప్పుడు... సీసాలో నీళ్లలోంచి గాలి పోతున్నట్టు... గుడగుడ... గుడగుడ... ఆసుపత్రి నుంచి భర్త చివరిసారి ఫోన్ చేసినప్పుడు, అతని మాటల వెనక విన్న చప్పుడే అది. ఆక్సిజన్ సీసా చప్పుడు.

"ఎవరండీ అది?" అన్నాడు తాతారావు. అంతలో కరెంటు పోయింది. దాంతో ఇంటర్నెట్టూ పోయింది. ముఖాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి.

ఆ ఒక్క గడీ మిగిలింది. అది పెరిగి తెరంతా పరుచుకుంది.

గదిలో ఏదో వాసన... స్పిరిట్ వాసన. కాలిన ప్లాస్టిక్ వాసన. దానికింద ఇంకేదో... కమల దాని పేరు తలుచుకోలేకపోయింది.

"కమలా..."

అతని గొంతే. పదకొండు రోజులుగా ఏ గొంతు కోసం ఆమె దిండులో ముఖం దాచుకుని ఏడ్చిందో, ఆ గొంతే.

"ఏమండీ!" అంది. భయం కన్నా ముందు ఆశే నోట్లోంచి వచ్చేసింది. "ఎక్కడున్నారండీ?"

"చీకటి... పాపని పంపు..."

వెనక మంచం కిర్రుమంది. నీల లేచి కూర్చుంది. కళ్లు మూసే ఉన్నాయి.

"వస్తున్నా," అంది.

"నీలూ!" పుణ్యవతి పిల్లని ఒడిసి పట్టుకుంది. "ఒసే కమలా, పెదాలు సూడే! నల్లబడిపోతన్నాయి!"

కమల లాప్‌టాప్ మూత ఠపీమని మూసేసింది. చప్పుడు ఆగలేదు. గుడగుడ... గుడగుడ... బల్ల మీంచి కాదు. ఆమె నెమ్మదిగా వెనక్కి తిరిగింది. అది నీల గుండెల్లోంచి వస్తోంది.

పిల్ల ఎగశ్వాస తీస్తోంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తేవాళ్లు లేరు. కింద సందులో మోకాలి లోతు నీళ్లు. ఎత్తుకుని పరిగెడదామన్నా ఎటు పరిగెత్తాలి? ఈ ఊళ్లో ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉంది? కమల మళ్లీ మూత ఎత్తింది. అదే నలుపు.

"ఏమండీ, దణ్ణం పెడతాను. అది మీ కూతురండీ. దానికి ముల్లు గుచ్చుకుంటే మీరు అన్నం మానేసేవారే... మీ చేతుల్తోనే తీసుకుపోతారా దాన్ని? నన్ను తీసుకెళ్లండి. నేనొస్తాను. ఇప్పుడే వస్తాను!"

"పాపని... పంపు..."

"ఎల్లిపొమ్మను!" పుణ్యవతి ఏడుస్తూ అరిచింది. "నా తమ్ముడే. నేనే ఎత్తుకు పెంచినాను. అయినా సెప్తన్నాను, ఎల్లిపొమ్మను! నువ్వు సెప్తేనే ఇంటాడు. పేరెట్టి సెప్పు!"

పదకొండేళ్ల కాపురంలో కమల భర్తని పేరు పెట్టి పిలవలేదు. మంచం మీద నీల కాళ్లు ఒక్కసారి బిగుసుకున్నాయి.

"వైకుంఠరావూ!" అంది కమల. అది తన గొంతేనా అనిపించింది. "వెళ్లిపో! ఈ ఇంట్లో నీకేమీ లేదు. నీకూ మాకూ తీరిపోయింది. ఇంక ఈ గుమ్మం దగ్గర నిలబడకు... వెళ్లిపో!"

నీళ్ల చప్పుడు ఆగింది.

ఒక మనిషి ఏడుపు మింగుకున్నట్టు చిన్న శబ్దం. అంతే. తెర ఆరిపోయింది.

నీల పెద్దగా ఊపిరి పీల్చింది. దగ్గింది. కళ్లు తెరిచింది. పెదాల మీదికి ఎర్రదనం తిరిగొస్తోంది. పుణ్యవతి పిల్లని గుండెకి హత్తుకుని నేల మీద కూలబడిపోయింది. కమల మాత్రం లాప్‌టాప్ ముందే ఉండిపోయింది. పిల్ల దక్కింది. కానీ తను ఇప్పుడేం చేసిందో అది ఇంకెప్పటికీ మరిచిపోలేనని ఆమెకి తెలుసు. ప్రాణం పోతున్నా తమనే తలుచుకున్న మనిషిని, ఒంటరిగా చీకట్లోకి తరిమేసింది.

అరగంటకి కరెంటు వచ్చింది. పుణ్యవతి గంజి కాచింది. ఎన్నో రోజుల తర్వాత నీల ఆకలన్నది. గిన్నెడు గంజీ తాగేసి, మూతి తుడుచుకుని, తల్లి వైపు చూసింది.

"అమ్మా, నాన్నని ఎందుకు తిట్టావు?"

కమల పిల్ల తల నిమిరింది. "నిన్ను తీసుకుపోతానంటేనూ... అందుకే."

"నాన్న అనలేదు."

"మరి రమ్మన్నదెవరమ్మా?"

"వాళ్లు. చాలామంది ఉన్నారు. నాన్నలాగే మాట్లాడతారు. నాన్న వాళ్లని రానివ్వకుండా చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాడు. రోజూ అక్కడే నిలబడ్డాడు. నన్ను రావద్దనేవాడు." పిల్ల గొంతులో భయం లేదు. బళ్లో జరిగింది చెబుతున్నట్టు చెబుతోంది. "నువ్వు వెళ్లిపొమ్మన్నావుగా. ఏడ్చుకుంటూ వెళ్లిపోయాడు."

కమల చేయి పిల్ల తల మీదే ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో పుణ్యవతి చేతిలోంచి గిన్నె జారి దొర్లుకుంటూ పోయింది.

"ఏమండీ..." అంది కమల ఆరిపోయిన తెర వైపు తిరిగి. "ఏమండీ, రండి... తిరిగి రండి..."

తెర మీద ఆమె ముఖమే కనిపించింది.

"ఇంక నేను వెళ్లక్కర్లేదటమ్మా, వాళ్లే వస్తారట," అంది నీల. మంచం దిగి, గది నడుమ నిలబడి, నేలంతా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చూపుతో కొలిచింది.

"మనకి ఎన్ని చాపలున్నాయి?"