చిటికెన వేలి స్వరం

2023 మే 17, బుధవారం. ప్రొద్దుటూరులో నలభై నాలుగు డిగ్రీల ఎండ. బస్సెక్కి జమ్మలమడుగులో దిగితే అక్కడా అంతే, ఒక్క ఆకు కదల్లేదు. మా చెల్లెలు ప్రేమకుమారి పోయి పదకొండు రోజులు. మర్నాడు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. ఆమె చివరిసారి వాయించిన కీర్తన అక్కడ వినిపించాలని నా పట్టుదల. నేను ఒకప్పుడు కడప కాలేజీలో ఫిజిక్స్ చదివినవాణ్ణి. శబ్దమంటే గాలి కదలడమని రాసి మార్కులు తెచ్చుకున్నాను.

ఆమె కూతురు తబితా లాప్‌టాప్ తెరిచింది.

"దీంట్లో పాట లేదు మామా. అమ్మ కీబోర్డు మీద ఏ మెట్టు ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కిందో అంతే ఉండేది. మిడి అంటారు. ఈ ప్రోగ్రాం ఆ లెక్కను ఇంకో ప్రోగ్రాంకు పంపితే, అది హార్మోనియం మాదిరి పలుకుతాది."

"రెండిటికీ మధ్య తీగ యాడుంది?"

"లోపలే. నువ్వు రెండు కళ్లజోళ్లు పెట్టుకున్యా కనపడదు."

మూడు చరణాలు సాగాయి. ఎడమచేతి కింది స్వరం ఒకటి ప్రతిసారీ ఖాళీ. మా చెల్లెలికి ఆ చిటికెన వేలు వంగేది కాదు. రోజూ ఆముదం రాసుకునేది. చిన్నప్పుడు దానిమీద హార్మోనియం పెట్టె మూత పడింది. గాలికి పడిందని ఇంట్లో చెప్పింది నేనే.

"నాలుగోది వాయించకముందే ఆస్పత్రికి పోయింది," అని తబితా ఆపేసింది.

నాలుగో చరణం మొదలైంది.

"ఆపు తల్లీ."

"ఆపేసినా మామా..."

తెర మీద రెండు ప్రోగ్రాములను కలిపే గీతను చెరిపేసింది. మొదటిదాన్ని మూసేసింది. వచ్చే స్వరాలను చూపే పట్టికలో వరుసలు పడుతూనే ఉన్నాయి. ఎక్కడినుంచి అనే గడి ఖాళీ.

"ఎవరు పంపుతాండారు?" అన్నాను.

"ఎవురూ లేరు..."

గదిలో ఆముదం వాసన.

ఖాళీ ఉండే చోటు వచ్చింది. ఈసారి ఆ స్వరం పలికింది... మెల్లగా. మళ్లీ. ఇంకా గట్టిగా. మిగతా పాట ఆగిపోయింది. అదొక్కటే.

"నూట ఇరవై ఏడు," తబితా పట్టికలో అంకె చూసి గుసగుసలాడింది. "ఇంతకంటే గట్టిగా నొక్కేదానికి లేదు మామా."

"గాలికి పడలేదమ్మా," అన్నాను లాప్‌టాప్ వైపు చూసి. "నేనే ఏసినా. నీకు పాట ముందొచ్చిందని."

ఆగింది.

కూడికలో పాట వినిపించలేదు, తబితా ఒప్పుకోలేదు. తర్వాతి వారం వీలునామా చదివారు. ఇల్లు తబితాకు, కీబోర్డు చర్చికి, కుట్టుమిషను పక్కింటి అజ్మత్ బీకి. నాకు ఏమీ రాయలేదు.

నా ఎడమ చిటికెన వేలు మాత్రం ఆ మధ్యాహ్నం నుంచి వంగడం లేదు. ఎక్స్‌రే చూసిన డాక్టరు, "ఇది ఇప్పటిది కాదు పెద్దాయనా, మీ చిన్నప్పుడు విరిగిన ఎముక," అన్నాడు.