పన్నెండో నంబరు ఎంగేజ్

చేతికర్రతో గడప తడుముకుంటూ లోపలికి వచ్చిన ఆవిడ ఇంకా కూర్చోకుండానే అడిగింది.

"సాయంత్రం ఐదింటికి నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారటండీ. ఈలోగా నిజం తేల్చగలరా?"

డిటెక్టివ్ తొందరపడలేదు. ఆయన ఎప్పుడూ తొందరపడడు, అందుకే ఊరంతా ఆయన్ని నిదానంగారు అంటుంది. కుర్చీ జరిపి ఆవిడని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు చెప్పమన్నాడు.

ఆవిడ నీటి పంపుల కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా టెలిఫోన్ బోర్డు దగ్గర పనిచేస్తోంది. పుట్టుకతోనే చూపు లేదు. ఆఫీసులో అందరికీ ఆపరేటరమ్మ. కిందటి మంగళవారం పదకొండింటికి యజమాని తలుపులు మూయించి, కొత్త పంపు కొలతలన్నీ ఇంజినీరు చేత చదివించుకుని విన్నాడు. అది ఇంజినీరు మూడేళ్ళ కష్టం. మూడు రోజులు తిరక్కుండా పోటీ కంపెనీవాళ్ళు అచ్చం అలాంటి పంపే తయారుచేశామని ప్రకటించేశారు. గదిలో ఉన్నది ఇద్దరే. కాగితాలు ఇంజినీరు సంచీ దాటలేదు.

"నిజం చెప్పడమే నా తప్పయిందండీ," అందావిడ. "ఆ రోజు యజమానిగారికి ఫోనొస్తే కలపబోయాను. ఆయన నంబరు పన్నెండు. ఎంగేజ్ వచ్చింది. ఆయనేమో ఫోను ముట్టుకోనే లేదంటున్నారు. ఆయన ముట్టుకోకుండా లైను తెరుచుకుందంటే, తెరిచింది బోర్డు దగ్గరున్న నేనేనట."

"ఆ గంటలో ఇంకేం ఫోన్లొచ్చాయో గుర్తున్నాయా?"

ఆవిడ వేళ్ళు బల్ల అంచుమీద కదిలాయి. "పదకొండూ పదికి యజమానిగారికి, పన్నెండు ఎంగేజ్. ఇరవైకి గోడౌన్ మేస్త్రీ, మేనేజరుగారు కావాలన్నాడు. ఆయన పద్నాలుగు, అదీ ఎంగేజ్. ముప్పైకి మళ్ళీ యజమానిగారికి, ఎంగేజ్. ముప్పై అయిదుకి మేస్త్రీ మళ్ళీ చేశాడు, పద్నాలుగు ఇంకా ఎంగేజే. పావు తక్కువ పన్నెండుకి రెండూ ఖాళీ."

"అబ్బో!" అంది నిదానంగారి సహాయకురాలు. అయినదానికీ కానిదానికీ అబ్బో అనడం వల్ల ఆమెకి ఆ పేరే స్థిరపడిపోయింది. కానీ ఈసారి నిజంగానే అంది. "వారం కిందటివి! ఎలా గుర్తున్నాయండీ?"

"మీకు మొహాలు గుర్తుండవా అమ్మా? నాకు లైన్లు అలాగే."

ముగ్గురూ కంపెనీకి వెళ్ళారు. యజమాని గదిలో బల్లమీద బూడిదరంగు ఫోను ఉంది. దానికి ముప్పై మీటలు. నిదానంగారు దాని ముందు కూర్చుని ఒక్కో మీటా నొక్కి చూశాడు. హోల్డ్, ట్రాన్స్‌ఫర్, మ్యూట్, రీడయల్. పావుగంట పట్టింది. మిగతావాళ్ళకి విసుగొచ్చింది గానీ అబ్బో మాత్రం కళ్ళార్పకుండా చూసింది.

"నాకు రిసీవరు ఎత్తడం, నంబరు నొక్కడం తప్ప ఇంకేం రాదు," అన్నాడు యజమాని. "మీటింగు ముందు బెల్లు సున్నాకి తగ్గించడం ఒక్కటి మేనేజరు నేర్పాడు."

"ఈ నంబర్ల కార్డు?"

"అదీ అతనే. మీటింగు ముందురోజు అందరి ఫోన్లకీ స్వయంగా అంటించాడు."

నిదానంగారు లేచి ఆఫీసంతా తిరిగొచ్చాడు. ఉన్న ఫోన్లన్నిటి మీదా కార్డు ఎడమపక్కన, రిసీవరు కింద ఉంది. యజమాని ఫోనుమీద మాత్రం కుడిపక్క పైమూలన ఉంది.

మేనేజరు ఇస్త్రీ నలగని మనిషి. మాట తేనె. "పాపం చూపు లేదని ఇన్నాళ్ళూ దయతలిచి ఉంచుకున్నామండీ. ఇలా చేస్తుందని కలలో కూడా అనుకోలేదు."

"మంగళవారం పదకొండింటికి మీరెక్కడున్నారు?"

"గోడౌన్లో. పన్నెండు దాటాకే వచ్చాను. గదికి తాళం వేసే వెళ్ళాను."

"తాళంచెవి ఎన్ని?"

"ఒక్కటే. ఇదిగో, ఎప్పుడూ నా జేబులోనే."

నాలుగున్నరకి నిదానంగారు యజమానినీ, ఇంజినీరునీ, మేనేజరునీ ఆ గదిలో కూర్చోబెట్టాడు. ఫోనుమీద ఏదో మీట నొక్కి, బెల్లు సున్నాకి తగ్గించాడు. అబ్బోని ఏదో ఒక గదిలోంచి పన్నెండు నొక్కి, వెంటనే మ్యూట్ నొక్కి, కాసేపు విని, ఫోను అలాగే వదిలి రమ్మని పంపాడు.

"యజమానిగారూ, ఈలోగా ఏదైనా మాట్లాడండి."

"ఏం మాట్లాడనయ్యా! మూడేళ్ళ పని మూడు రోజుల్లో గంగపాలయింది."

ఫోను కిక్కురుమనలేదు. రిసీవరు కదల్లేదు. కాసేపటికి అబ్బో రొప్పుతూ వచ్చింది.

"మూడేళ్ళ పని గంగపాలయిందన్నారు! పక్కనే కూర్చుని విన్నట్టుంది సార్! ఫ్యాను చప్పుడుతో సహా!"

నిదానంగారు గోరుతో కార్డు అంచు లేపాడు. దాని కింద పచ్చటి దీపం వెలుగుతోంది. యజమాని తన ఫోనుని చూసి, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఆపరేటరమ్మా!" తలుపు తీసి కేకేశాడు నిదానంగారు. "ఇప్పుడు ఏ నంబర్లు ఎంగేజో చెప్పగలరా?"

హాల్లో ఆవిడ వేళ్ళు బోర్డుమీద పరుగెత్తాయి. నొక్కడం, వినడం, వదలడం. ఒక్క మీట తప్పిపోలేదు, ఒక్కటి రెండుసార్లు నొక్కలేదు. గదిలోవాళ్ళంతా తలుపు దగ్గరికొచ్చి చూశారు.

"పన్నెండూ, పదిహేడూనండీ."

పదిహేడు ఇంజినీరు గది. అబ్బో వెళ్ళింది అక్కడికేనని ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

"అబ్బో," అన్నాడు నిదానంగారు, ఉద్యోగంలో మొదటిసారి. తర్వాత బల్లవైపు తిరిగాడు.

"నేను నొక్కిన మీట పేరు ఆటో ఆన్సర్. అది వేసి ఉంచితే, ఆఫీసులో ఎవరు చేసినా ఈ ఫోను తనంతట తానే తెరుచుకుంటుంది. గదిలో మాటలన్నీ అవతలికి పోతాయి. బెల్లు సున్నాలో ఉంది కాబట్టి చప్పుడు రాదు. అవతలివాళ్ళు మ్యూట్ నొక్కుకుంటే వాళ్ళ ఊపిరి కూడా ఇటు వినపడదు. పట్టించేది ఈ దీపం ఒక్కటే. దానిమీద కార్డు పడింది."

"కార్డు వంకరగా అంటిస్తే దొంగనైపోతానా?" మేనేజరు గొంతు పెంచాడు. "నేను గోడౌన్లో ఉన్నానన్నానుగా!"

నిదానంగారు స్పీకరు మీట నొక్కి గోడౌన్‌కి ఫోను చేశాడు. మేస్త్రీ గొంతు గదంతా నిండింది.

"ఆ మంగళవారమాండీ? మేనేజరుగారు వస్తానని రాలేదండీ. రెండుసార్లు బోర్డుకి చేశాను. ఆయన లైను ఎంగేజ్‌గా ఉంది, గదిలోనే ఉన్నట్టున్నారంది ఆపరేటరమ్మ."

"తాళం వేసిన గదిలో అరగంటసేపు ఫోను పట్టుకున్నదెవరు మేనేజరుగారూ? తాళంచెవి మీ జేబులోనే ఉందన్నారు."

మేనేజరు ఇస్త్రీ అప్పుడు నలిగింది. పోటీ కంపెనీలో పెద్ద కుర్చీ ఇస్తామన్నారని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. ఇంజినీరు మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"దీపం చూపున్నవాళ్ళకి కనపడకుండా దాచారు," అన్నాడు నిదానంగారు. "ఆవిడకి కనపడదు కదా, ఇంకేం తెలుస్తుందిలే అనుకున్నారు. ఈ ఆఫీసు మొత్తం ఆవిడ చేతివేళ్ళ కిందే ఉందని మరిచిపోయారు."

యజమాని లేచి హాల్లోకి నడిచాడు. గడియారం ఐదు కొడుతోంది. బోర్డు ముందు నిలబడ్డాడు. ఆఫీసంతా లేచి నిలబడింది.

"అమ్మా," అన్నాడు. "ఇరవై రెండేళ్ళ మనిషిని నేను..."

బోర్డు మోగింది. ఆపరేటరమ్మ కళ్ళు తుడుచుకుని, ఒక చెయ్యి పైకెత్తింది.

"ఒక్క నిమిషం. మీరు హోల్డ్‌లో ఉండండి సార్."

వరసగా మూడు ఫోన్లొచ్చాయి. ఆవిడ మూడూ కలిపేదాకా యజమాని చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు.